ఎర్ర స్క్రీన్, సైరన్ మోత, ఫోన్ నంబర్: భయపడి ఆపేశాను, ల్యాప్‌టాప్ బాగానే ఉందంటారా?

కొత్త_కీబోర్డు:
నమస్కారమండీ. ల్యాప్‌టాప్ వాడటం మొదలుపెట్టి 3 నెలలైంది. మెయిల్ రాయడం, ఫొటోలు దాచుకోవడం, బ్యాంకు ఖాతా చూసుకోవడం, ఇంతవరకే వచ్చు. నిన్న ప్రింటర్ ఎలా కలపాలో వెతుకుతూ ఒక లింకు నొక్కితే స్క్రీన్ మొత్తం ఎర్రగా అయిపోయింది. సైరన్ లాంటి మోత, దాని మీద ఒక గొంతు ఆపకుండా "మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది, ఆఫ్ చేస్తే డేటా అంతా పోతుంది, వెంటనే ఈ నంబర్‌కి ఫోన్ చేయండి" అంటూనే ఉంది. మూసేద్దామంటే పైన మూలన ఉండే ఇంటూ గుర్తు కూడా కనిపించలేదు. చేతులు వణికాయి. ఫోన్ చేశాను. అవతలి మనిషి చాలా మర్యాదగా మాట్లాడి, తను చెప్పిన సైట్ నుంచి ఒక చిన్న ప్రోగ్రాం దించుకోమన్నాడు, దించాను. అందులో కనిపించే అంకెలు చదవమన్నాడు. అక్కడ ఎందుకో అనుమానం వచ్చి ఫోన్ పెట్టేసి, పవర్ బటన్ నొక్కి పట్టుకుని ల్యాప్‌టాప్ ఆపేశాను. మళ్లీ ఆన్ చేయలేదు, ఇది ఫోన్‌లో రాస్తున్నాను.

ల్యాప్‌టాప్ పాడైందా? మళ్లీ ఇలాంటిది వస్తే ఏం చేయాలి? అసలు నాలా కొత్తగా మొదలుపెట్టినవాళ్లు ముందు ఏం నేర్చుకోవాలి? ఏది నొక్కితే ఏమవుతుందో అని ప్రతిసారీ టెన్షన్‌గానే ఉంటోంది.

నిదానం:
ముందు ఒక్క మాట. ఫోన్ పెట్టేసి చాలా మంచి పని చేశారు, చాలామంది అక్కడ ఆగలేకపోతారు.

మీరు చూసింది వైరస్ కాదు, అది ఒక వెబ్ పేజీ, అంతే. వీడియో చూసేటప్పుడు స్క్రీన్ నిండా చేసుకుంటాం కదా, అదే పద్ధతిలో ఆ పేజీ స్క్రీన్ మొత్తం ఆక్రమిస్తుంది, అందుకే ఇంటూ గుర్తు కనిపించదు. ఆ మోత పేజీలో పెట్టిన ఆడియో. మీ కంప్యూటర్ లోపల ఏముందో ఆ పేజీకి ఏమీ తెలియదు, వచ్చిన ప్రతి ఒక్కరికీ అదే చూపిస్తుంది. మైక్రోసాఫ్ట్ ఇచ్చే అసలైన హెచ్చరికల్లో ఫోన్ నంబర్ ఉండదని ఆ కంపెనీయే చెబుతుంది, కాబట్టి హెచ్చరికలో నంబర్ కనిపించిందంటే అది దొంగది అని అక్కడికక్కడే తేల్చేసుకోవచ్చు.

మళ్లీ వస్తే ఎస్కేప్ కీని కాసేపు నొక్కి పట్టుకోండి, స్క్రీన్ మామూలు సైజుకి వస్తుంది, ట్యాబ్ మూసేయొచ్చు. అలా కాకపోతే ఆల్ట్ కీ పట్టుకుని ఎఫ్4. దానికీ లొంగకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది, అందులో బ్రౌజర్ పేరు మీద నొక్కి ఎండ్ టాస్క్ అనండి. తర్వాత బ్రౌజర్ తెరిచినప్పుడు పాత పేజీలు మళ్లీ తెరవాలా అని అడుగుతుంది, వద్దనండి, లేకపోతే అదే పేజీ తిరిగొస్తుంది. ఇవేవీ గుర్తు రాకపోతే మీరు చేసినట్టు పవర్ బటనే. సేవ్ చేయని పని పోతుంది తప్ప, "ఆఫ్ చేస్తే డేటా పోతుంది" అన్న బెదిరింపులో నిజం లేదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ ప్రోగ్రాం దించారు సరే, తెరిచారా? అంకెలు చదివి చెప్పారా? దీని మీదే మిగతాదంతా ఆధారపడి ఉంది.

కొత్త_కీబోర్డు:
తెరిచానండీ. తెరవగానే ఒక పెద్ద నంబర్ కనిపించింది. దాన్ని చదవమన్నాడు, నేను చదవలేదు. స్క్రీన్ మీద బాణం గుర్తు కూడా దానంతట అది కదల్లేదు.

నిదానం:
అయితే ఊపిరి పీల్చుకోండి. అవి దూరం నుంచి ఒకరి కంప్యూటర్‌ని ఇంకొకరు నడపడానికి వాడే ప్రోగ్రాంలు. ఆఫీసుల్లో సాయం చేయడానికి నిజంగానే వాడతారు, అందుకే యాంటీవైరస్ కూడా వాటిని తరచుగా అడ్డుకోదు. ఆ నంబరు మీ కంప్యూటర్‌కి చిరునామా లాంటిది, అది చెప్పకపోతే ఏ కంప్యూటర్‌కి కలవాలో వాళ్లకి తెలియదు. అయినా మీరు వాళ్లు చెప్పిన సైట్ నుంచి దించారు కాబట్టి, ఆ ఫైల్‌లో ఇంకేదైనా కలిపి ఉండొచ్చనే అనుకుని శుభ్రం చేద్దాం.

ముందు ఇంట్లో వైఫై ఆపి ల్యాప్‌టాప్ ఆన్ చేయండి. సెట్టింగ్స్‌లో యాప్స్ జాబితా చూసి ఆ ప్రోగ్రాం ఉంటే తీసేయండి. వీటిలో కొన్ని ఇన్‌స్టాల్ అవకుండానే నడుస్తాయి కాబట్టి జాబితాలో లేదని వదిలేయకుండా డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో కూడా వెతికి తీసేయండి, రీసైకిల్ బిన్ ఖాళీ చేయండి. అప్పుడు వైఫై పెట్టి, విండోస్ సెక్యూరిటీ తెరిచి, స్కాన్ ఆప్షన్స్‌లో ఫుల్ స్కాన్ పెట్టండి. గంటలు పట్టినా పట్టనివ్వండి. అది విండోస్‌తో పాటే వస్తుంది, విడిగా కొనక్కర్లేదు.

ఎప్పుడైనా, ఎవరికైనా, ఆ నంబర్ చెప్పేసి ఉంటే మాత్రం దారి వేరు: వెంటనే ఇంటర్‌నెట్ తీసేయాలి, ఇంకో ఫోన్ నుంచో కంప్యూటర్ నుంచో మెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు మార్చాలి, కార్డు మీద ఉండే నంబర్‌కి ఫోన్ చేసి బ్యాంకుకి చెప్పాలి. సిగ్గుపడి ఒక రోజు ఆగడం వల్లే ఎక్కువ నష్టం జరుగుతుంది.

ఇంకొకటి, మీ ఫోన్ నంబర్ వాళ్ల దగ్గరుంది. కొన్నాళ్ల తర్వాత "మీకు డబ్బు వాపసు ఇవ్వాలి" అనో "మోసపోయినవాళ్లకి సాయం చేస్తున్నాం" అనో మళ్లీ ఫోన్ రావచ్చు. వచ్చిన నంబర్ బ్లాక్ చేయండి.

తాళంచెవి:
నేర్చుకోవడం గురించి అడిగారు కాబట్టి నా వంతు. కొత్తవాళ్లు అన్నిటికన్నా ముందు గట్టిపరచుకోవాల్సింది మెయిల్ పాస్‌వర్డ్ అని నా గట్టి అభిప్రాయం, బ్యాంకుది కూడా ఆ తర్వాతే. ఎందుకంటే చాలా సైట్లలో పాస్‌వర్డ్ మర్చిపోయాను అంటే కొత్తది పెట్టుకునే లింకు మెయిల్‌కే వస్తుంది. మెయిల్ చేతికి చిక్కితే మిగతా తలుపులు ఒక్కొక్కటిగా తెరుచుకుంటాయి.

పాస్‌వర్డ్ కష్టంగా ఉండటం కన్నా పొడవుగా ఉండటం ముఖ్యం. ఒకదానికొకటి సంబంధం లేని నాలుగైదు మాటలు కలిపితే గుర్తుంటుంది, ఊహించడమూ కష్టం. పిల్లల పేరు, పుట్టిన సంవత్సరం వద్దు. ఒక చోట వాడింది ఇంకో చోట వాడొద్దు, ఇది మాత్రం మరీ మరీ చెబుతాను, ఎందుకంటే ఏదో ఒక చిన్న సైట్ నుంచి పాస్‌వర్డ్‌లు దొంగిలించాక దొంగలు చేసే పని అదే మెయిల్, అదే పాస్‌వర్డ్ జతని మిగతా సైట్లన్నిటిలో వేసి చూడటం. అన్నీ గుర్తుండవు కదా అంటారా, పాస్‌వర్డ్ మేనేజర్ వాడండి, అంటే పాస్‌వర్డ్‌లన్నీ మీ బదులు దాచి గుర్తుంచుకునే ప్రోగ్రాం. అది నచ్చకపోతే కాగితం పుస్తకంలో రాసి బీరువాలో పెట్టుకోండి. రాసుకోవడం తప్పని భయపెడతారు గానీ, ఎక్కడో దూరాన ఉన్న దొంగ మీ బీరువా తెరవలేడు.

రెండంచెల లాగిన్, అంటే పాస్‌వర్డ్ తర్వాత ఒక కోడ్ కూడా అడిగే పద్ధతి, అది కూడా ఆన్ చేసుకోండి. అప్పుడు వచ్చే కోడ్‌ని సైట్‌లో మీరే వేయాలి, నోటితో ఎవరికీ చెప్పకూడదు, బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాను అన్నా సరే.

వాన_మబ్బు:
చిరునామా పక్కన తాళం గుర్తు ఉందో లేదో చూసుకుంటే చాలు కదా? నేను అదే పాటిస్తున్నాను.

తాళంచెవి:
చాలదండీ. తాళం గుర్తుకి అర్థం మీకూ ఆ సైట్‌కీ మధ్య వెళ్లేది దారిలో ఎవరూ చదవలేరని మాత్రమే. అవతల ఉన్నది దొంగా దొరా అన్నది అది చెప్పదు, దొంగ సైట్లకీ తాళం ఉంటుంది. ఈ పొరపాటు ఎక్కువమంది చేస్తున్నారనే క్రోమ్‌లో 2023లో ఆ గుర్తునే తీసేసి వేరేది పెట్టారు.

చూడాల్సింది చిరునామా. మొదటి ఒంటి ఏటవాలు గీతకి (/) ముందు ఉన్న చివరి ముక్కలు ఏమిటో చదవండి. "మనబ్యాంకు డాట్ కామ్" అయితే అది బ్యాంకుది. "మనబ్యాంకు డాట్ లాగిన్‌చెక్ డాట్ కామ్" అయితే అది లాగిన్‌చెక్ అనేవాడిది, ముందు బ్యాంకు పేరు తగిలించుకున్నాడంతే. ఇంకా తేలిక, మెయిల్‌లో వచ్చిన లింకు నొక్కకుండా బ్యాంకు చిరునామా మీరే టైప్ చేసి బుక్‌మార్క్ పెట్టుకోండి, ఎప్పుడూ దాన్నుంచే వెళ్లండి.

పాత_ఫ్లాపీ:
ఏది నొక్కితే ఏమవుతుందో అన్న భయం గురించి ఎవరూ మాట్లాడలేదు. కీబోర్డు నొక్కితే కంప్యూటర్ పాడవదండీ. రాసింది పొరపాటున చెరిగిపోతే కంట్రోల్+జెడ్, వెనక్కి వస్తుంది. ట్యాబ్ మూసేస్తే కంట్రోల్+షిఫ్ట్+టి. ఈ రెండూ వచ్చాక నాకు సగం భయం పోయింది. జాగ్రత్త పడాల్సింది దించుకున్న ఫైల్ తెరిచేటప్పుడు. విండోస్ మామూలుగా ఫైల్ పేరు చివరి ముక్కని దాచేస్తుంది, దాంతో బిల్లు డాట్ పీడీఎఫ్ అని కనిపించేది నిజానికి బిల్లు డాట్ పీడీఎఫ్ డాట్ ఈఎక్స్‌ఈ అయి ఉండొచ్చు, అంటే కాగితం కాదు, ప్రోగ్రాం. 2000 మేలో ప్రపంచమంతా పాకిన ఐలవ్‌యూ వైరస్ సరిగ్గా ఇలాగే ప్రేమలేఖలా కనిపించి మోసం చేసింది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ మెనూకి వెళ్లి ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ ఆన్ చేసుకోండి.

అప్‌డేట్ వస్తే వాయిదా వేయకండి. 2017 మేలో వన్నాక్రై అనే వైరస్ లాంటి ప్రోగ్రాం కంప్యూటర్లని తాళం వేసి డబ్బు అడిగింది, దాన్ని ఆపే అప్‌డేట్ ఆ మార్చిలోనే వచ్చేసింది. మీది విండోస్ 10 అయితే దానికి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది, 11కి మారడం గురించి చూసుకోండి. ఫొటోల కాపీ ఒకటి బయటి డ్రైవ్‌లో ఉంచి, కాపీ అయిపోగానే డ్రైవ్ తీసి పక్కన పెట్టండి, తగిలించే ఉంచితే వన్నాక్రై లాంటివి దానికీ తాళం వేస్తాయి.

కొత్త_కీబోర్డు:
అందరికీ చాలా థాంక్సండీ. ఆ ప్రోగ్రాం యాప్స్ జాబితాలో లేదు, డౌన్‌లోడ్స్‌లోనే ఉంది, తీసేశాను. ఫుల్ స్కాన్‌లో ఏమీ రాలేదు. మెయిల్ పాస్‌వర్డ్ మార్చి పుస్తకంలో రాసుకున్నాను. కానీ ఇప్పటికీ కింద కుడి మూలన అప్పుడప్పుడు "వైరస్ దొరికింది" అని చిన్న పెట్టె వస్తోంది. స్కాన్‌లో లేనిది ఇదెక్కడి నుంచి?

నిదానం:
ఆ పెట్టెలో చిన్నగా బ్రౌజర్ పేరు, ఒక సైట్ పేరు కనిపిస్తున్నాయా? అయితే ఏదో పేజీలో నోటిఫికేషన్స్‌కి "అలౌ" నొక్కి ఉంటారు. దాని మీద నొక్కకండి. బ్రౌజర్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్‌కి వెళ్లి, అనుమతి ఉన్న జాబితాలో ఆ సైట్‌ని తీసేయండి. మీకు తెలియని పేర్లు ఇంకేమైనా ఉంటే వాటినీ తీసేయండి. తర్వాత కూడా పెట్టె వస్తే దానికి ఒక ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, చూద్దాం.