బ్లూ రే పెడితే సౌండొస్తుంది, బొమ్మ రావట్లేదు. ఎవరన్నా చెప్పండి బాబూ

పాలకొల్లు కుర్రోడు (రాత్రి 11:40)
అందరికీ నమస్కారమండీ. సాయంత్రం ఆరింటికి కూర్చున్నాను ఇప్పుడు పన్నెండు కావస్తోంది, అన్నం కూడా టీవీ ముందే తిన్నాను. మా బావ కువైట్ నుంచి బ్లూ రే ప్లేయరు, నాలుగు డిస్కులు తెచ్చాడండి. మా టీవీ 32 ఇంచులు, హెచ్‌డీ రెడీ. డిస్కు పెడితే సౌండు బ్రహ్మాండంగా వస్తుంది, బొమ్మ మాత్రం నల్లగా ఉండిపోతుంది. హెచ్‌డీఎంఐ వైరు మార్చాను, పక్కింటోళ్ళ వైరు కూడా తెచ్చి పెట్టాను, టీవీలో రెండు పోర్టుల్లోనూ చూశాను, ప్లగ్గు తీసి గంట ఆగి మళ్ళీ పెట్టాను. అదే వరస. డీవీడీలు శుభ్రంగా ఆడుతున్నాయి. ఎల్లుండి భోగి, పెద్దమ్మ వాళ్ళు పిల్లల్తో దిగిపోతారు, బ్లూ రే చూపిస్తానని అందరికీ చెప్పేశాను. తక్కువ రిజల్యూషన్ టీవీలో బ్లూ రే అసలు ఆడదా? టీవీ మార్చెయ్యమని మాత్రం చెప్పకండి దయచేసి.

నరసాపురం 77
టీవీ ఏ సంవత్సరంది? ప్లేయరు మోడల్ నంబరు?

భీమవరం ఎలక్ట్రికల్
తమ్ముడూ ముందు ఒకటి చెప్పు, ఇంట్లో ఎర్త్ ఉందా? మన ఏరియాలో నేను చూసిన ఇళ్ళల్లో సగం ఇళ్ళకి మూడో పిన్ను అలంకారానికే. ఎర్త్ గొయ్యి తవ్వి బొగ్గూ ఉప్పూ వేసి వదిలేస్తారు, తర్వాత పదేళ్ళు నీళ్ళు పోసే దిక్కుండదు. పైగా రొయ్యల చెరువుల ఏరియేటర్లు రాత్రి అన్నీ ఒకేసారి ఆన్ చేస్తారు కదా, ఆ టైములో వోల్టేజీ ఎలా ఊగుతుందో మీటర్ పెట్టి చూడు. ప్లేయరు, టీవీ, కేబుల్ డబ్బా మూడూ మూడు ప్లగ్గుల్లో ఉంటే ఒకదానికీ ఇంకోదానికీ మధ్య కరెంటు తేడా వస్తుంది, అది హెచ్‌డీఎంఐ వైరు లోంచే పోతుంది, పోర్టు కాలిపోయిన కేసులు నా చేత్తో నేనే బాగుచేశాను. ముందు మూడూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టు, స్టెబిలైజర్ పెట్టు.

నరసాపురం 77
పోర్టు పోతే డీవీడీ ఎలా ఆడుతోందండీ?

భీమవరం ఎలక్ట్రికల్
పోలేదు సరే, పోతుందని చెబుతున్నాను. నేను చెప్పేది ప్రాణాలకి సంబంధించింది, బొమ్మ తర్వాత.

తణుకు మేష్టారు
అసలు మాట ఎవరూ అనట్లేదు. హెచ్‌డీ రెడీ అంటే హెచ్‌డీ కాదండి, జనం ఇక్కడే మోసపోతున్నారు. ఆ టీవీ ప్యానెల్ 1366 అడ్డం 768 నిలువు, మొత్తం పదిన్నర లక్షల చుక్కలు. బ్లూ రే మీద 1920 ఇంటూ 1080, అంటే ఇరవై లక్షల పైన. సగం చుక్కలు పారబోసుకోడానికి అంత ఖరీదు పెట్టి డిస్కు కొనడం ఎందుకు? ఫుల్ హెచ్‌డీ ఉంటేనే బ్లూ రేకి అర్థం.

అమలాపురం బాబాయ్
మేష్టారూ ఆ లెక్క సగమేనండి. డీవీడీ 720 ఇంటూ 576, నాలుగు లక్షల చిల్లర. ఆ టీవీలో డీవీడీ వేస్తే నాలుగు లక్షల చుక్కల్ని సాగదీసి పదిన్నర లక్షలు చెయ్యాలి, లేనిది పుట్టించాలి. బ్లూ రే వేస్తే ఉన్నదాన్ని కుదించడమే. చిక్కటి పాలు కొంచెం పల్చన చెయ్యడం వేరు, నీళ్ళు కాచి పాలు చెయ్యడం వేరు. రంగుల సంగతి ఇంకా ఉంది. రెండు డిస్కుల్లోనూ రంగు సమాచారం అడ్డంగానూ నిలువుగానూ సగమే దాస్తారు. బ్లూ రేలో సగమన్నా 960 ఇంటూ 540 వస్తుంది, డీవీడీలో 360 ఇంటూ 288. అందుకే ఎర్ర చీర అంచులు డీవీడీలో అలుక్కుపోతాయి, బ్లూ రేలో గీత గీసినట్టుంటాయి, ఈ తేడా 768 టీవీలో కూడా కళ్ళకి కడుతుంది. డేటా కూడా, డీవీడీ బొమ్మకి సెకనుకి 9.8 మెగాబిట్లు దాటకూడదు, బ్లూ రే 40 దాకా వెళ్ళచ్చు. వాన సీను, గోదావరి అలలు, పొగమంచు, ఇలాంటివి వచ్చినప్పుడు డీవీడీ గళ్ళు గళ్ళుగా విరిగిపోయేది దాని వల్లే.
ఇంకోటండి. మంచమ్మీద కూర్చుని పది అడుగుల దూరం నుంచి చూస్తాం 32 ఇంచుల టీవీని. ఆ సైజులో ఆరడుగులు దాటితే 768 చుక్కలే మామూలు కంటికి విడివిడిగా కనపడవు. ఫుల్ హెచ్‌డీ తేడా తెలియాలంటే నాలుగైదు అడుగుల్లోకి వచ్చి కూర్చోవాలి.

తణుకు మేష్టారు
నేను అంటున్నది పేరు గురించి. రెడీ అంటే దేనికి రెడీ?

రాజోలు నుంచి దోహా
బ్రదర్ నేను గల్ఫ్‌లోనే ఉంటాను. ఇది రీజియన్ ప్రాబ్లం, బ్లూ రేకి ప్రపంచాన్ని ఏ, బీ, సీ అని మూడు భాగాలు చేశారు. గల్ఫ్ అంతా బీ, ఇండియా సీ. అక్కడి ప్లేయర్లో ఇండియా డిస్కు పెడితే చాలావాటికి ఆడదు. నేను కూడా మొదట్లో ఇక్కడి నుంచి ఇంటికి పంపి తిట్లు తిన్నాను. డిస్కు అట్ట వెనక చిన్న గుర్తులో ఏబీసీ ఉంటే అన్నిట్లో ఆడుతుంది. 4కే డిస్కులైతే రీజియన్ గొడవే లేదు కానీ మామూలు బ్లూ రే ప్లేయర్లో అవి ఆడవు, నల్ల అట్ట ఉందేమో చూడు.

పాలకొల్లు కుర్రోడు
డిస్కులు కూడా బావ అక్కడే కొన్నాడండి. అట్టలు నీలంవే. వెనక ఒకదానికి బీ ఉంది, రెండిటికి ఏబీసీ ఉంది.

నరసాపురం 77
రీజియన్ తేడా అయితే తెర మీద మెసేజ్ వస్తుంది, నల్లగా ఉండదు. టీవీ మీద ఏమీ రాయట్లేదా?

పాలకొల్లు కుర్రోడు
రాస్తుందండి, మోడ్ నాట్ సపోర్టెడ్ అని ఒక మూల చిన్నగా తిరుగుతుంది. అది మామూలే కదా అని చెప్పలేదు.

నరసాపురం 77
అదే చెప్పాలి ముందు.
సౌండు టీవీలోంచి వస్తుందా?

పాలకొల్లు కుర్రోడు
లేదండి హోమ్ థియేటర్లోంచి. ప్లేయరు నుంచి దానికి ఆప్టికల్ వైరు వేశాను.

అమలాపురం బాబాయ్
అయ్యో నాయనా, అది మొదటి లైన్లో ఉండాల్సిన మాట. సౌండు వస్తోంది కాబట్టి హెచ్‌డీఎంఐ బాగానే ఉందనుకుని నేను కాపీరైట్ తాళం (కాపీ కొట్టకుండా సిగ్నలుకి వేసేది) గురించి రాద్దామని కూర్చున్నాను. సౌండు అసలు ఆ వైర్లోనే లేదన్నమాట.

నరసాపురం 77
డిస్కు పెట్టకముందు ప్లేయరు మెనూ కనపడుతుందా? నాలుగు డిస్కులూ ఇంతేనా?

పాలకొల్లు కుర్రోడు
మెనూ బాగా కనపడుతుందండి. ఒక డిస్కు ఆడుతోంది, జంతువుల డాక్యుమెంటరీ, అది ఇంగ్లండుది. సినిమా డిస్కులు మూడే ఇలా చేస్తున్నాయి. డాక్యుమెంటరీ ఆడింది కదా సినిమాలదే సమస్య అనుకుని అది రాయలేదు.

నరసాపురం 77
24 హెర్ట్జ్. ప్లేయరు సెట్టింగుల్లో వీడియోలో 24పీ అవుట్‌పుట్ అని ఉంటుంది. ఆఫ్ చెయ్యి.

అమలాపురం బాబాయ్
అదేనండి, నూటికి నూరుపాళ్ళు అదే. కుర్రోడా ఎందుకో కూడా విను, రేపు ఇంకెవరికైనా చెప్పచ్చు. సినిమా సెకనుకి 24 ఫ్రేములు, బ్లూ రే దాన్ని ఉన్నది ఉన్నట్టుగా 24 గానే దాస్తుంది. ప్లేయరు అదే 24 చొప్పున టీవీకి పంపుతోంది, మీ టీవీకి 50, 60 తప్ప తెలీదు, అందుకని తలుపేసేసింది. మెనూ 60లో వస్తుంది కాబట్టి కనపడింది. ఇంగ్లండు డాక్యుమెంటరీలు ఎక్కువగా 25 ఫ్రేముల్లో తీసి డిస్కు మీద 1080ఐ 50గా పెడతారు (ఐ అంటే ఒక్కో విడతకి సగం లైన్లే, పీ అంటే లైన్లన్నీ ఒకేసారి), అదీ కనపడింది. డీవీడీలూ అంతే. రిజల్యూషన్ ఎక్కువై ఆగిపోలేదు, నడక కుదరక ఆగింది. ఆఫ్ చేస్తే ప్లేయరే ఒక ఫ్రేముని మూడుసార్లు, తర్వాతదాన్ని రెండుసార్లు చూపించి 60 చేసి పంపుతుంది. కెమెరా మెల్లగా పక్కకి తిరిగే సీన్లలో కొంచెం కుదుపుగా ఉంటుంది, పెద్దమ్మ గారు పట్టుకోలేరు.
మేష్టారూ, రెడీ అంటే దేనికి రెడీ అన్నారు కదా, మీరడిగింది ఇక్కడికే వచ్చింది. 2005లో యూరప్ వాళ్ళు ఆ ముద్ర పెట్టినప్పుడు అడిగింది నిలువు 720 లైన్లు, 720పీ, 1080ఐ సిగ్నలు 50లోనూ 60లోనూ తీసుకోవాలి, కాపీరైట్ తాళం తెలియాలి, అంతే. 24 గురించి అందులో లేదు. 2007లో హెచ్‌డీ రెడీ 1080పీ అని ఇంకో ముద్ర తెచ్చి అందులో 24 కలిపారు.

తణుకు మేష్టారు
మరి నేనన్నది అదే కదండీ, పేరే తప్పుదోవ పట్టించేలా ఉంది. మొదటి ముద్ర ఉన్నదాన్ని హెచ్‌డీ అని పిలవకూడదు.

అమలాపురం బాబాయ్
720 కూడా హెచ్‌డీయేనండి మేష్టారూ. 576 దాకా ఎస్‌డీ, అంటే పాత మామూలు స్థాయి. మీరు ఫుల్ అన్న మాటని హెచ్‌డీ అన్న మాటకి అంటిస్తున్నారు.

తణుకు మేష్టారు
ఒప్పుకోను. షాపులో అమ్మేవాడు ఆ తేడా చెప్పడు, మా అల్లుడికి అలాగే అంటగట్టారు.

రాజోలు నుంచి దోహా
బ్రదర్ 24 ఆఫ్ చేసి రిజల్యూషన్ కూడా 720పీకి దించెయ్, టీవీకి తేలిక.

నరసాపురం 77
వద్దు. 1080లోనే ఉంచు.

రాజోలు నుంచి దోహా
ఎందుకు? టీవీ 768 కదా, 720 దగ్గరగా ఉంది.

అమలాపురం బాబాయ్
దగ్గరగా ఉండటమే చిక్కు. 720 పంపితే ప్లేయరు 1080ని 720కి దించుతుంది, టీవీ మళ్ళీ 720ని 768కి సాగదీస్తుంది, ఒకే గుడ్డని రెండుసార్లు కత్తిరించినట్టు. 1080 పంపితే టీవీ ఒక్కసారే 768కి దించుతుంది. ఆ టీవీ 1080పీ 60 తీసుకోకపోతే 1080ఐ పెట్టాలి. మెనూ ఏ రిజల్యూషన్లో కనపడుతోందో అదే వదిలెయ్యండి. తర్వాత టీవీ సైజు బటన్లో జస్ట్ స్కాన్ అనో, స్క్రీన్ ఫిట్ అనో ఉంటుంది, అది పెట్టండి. లేకపోతే నాలుగు వైపులా అంచులు కొంచెం కోసేస్తుంది, సబ్‌టైటిల్స్ కింద తెగుతాయి.

భీమవరం ఎలక్ట్రికల్
అన్నీ బానే ఉన్నాయి, ఎర్త్ గురించి తమ్ముడు జవాబు చెప్పలేదు. సముద్రానికి దగ్గరున్న ఊళ్ళల్లో ఉప్పుగాలికి ఈ హెచ్‌డీఎంఐ పిన్నులకి చిలుం పట్టేస్తుంది, ఏడాదికి ఒకసారన్నా తీసి పొడిగుడ్డతో తుడవాలి.

పాలకొల్లు కుర్రోడు (మర్నాడు మధ్యాహ్నం 2:15)
వచ్చిందండి. 24 ఆఫ్. థాంక్స్ అండీ అందరికీ. పిండివంటలకి బెల్లం తేవడానికి పంపుతున్నారు, తర్వాత రాస్తాను.

ముమ్మిడివరం
ఏమండీ ఇదే దార్లో నాదొకటి. మాది పాత డబ్బా టీవీ, పసుపు ఎరుపు తెలుపు పిన్నులే ఉన్నాయి. కొత్త బ్లూ రే ప్లేయర్లో పసుపు పిన్ను లేదు. కన్వర్టర్ కొన్నాను, బొమ్మ రావట్లేదు.

నరసాపురం 77
కన్వర్టర్‌కి యూఎస్‌బీ కరెంటు ఇచ్చారా? దాని మీద పాల్, ఎన్‌టీఎస్‌సీ (పాత టీవీ సిగ్నలు పద్ధతులు రెండు) స్విచ్ ఎటు ఉంది?

అమలాపురం బాబాయ్
2013 తర్వాత తయారైన ప్లేయర్లకి పసుపు పిన్ను ఉండదండి, కాపీరైట్ ఒప్పందంలో తీసేయించారు. మీ ప్లేయరు తప్పేం లేదు. కన్వర్టర్‌తో వచ్చినా ఆ పిన్నులో డీవీడీ స్థాయి బొమ్మే వస్తుంది, ఆశ పెట్టుకోకండి. 24 మాత్రం మీరూ ఆఫ్ చేసి చూడండి.

తణుకు మేష్టారు
డబ్బా టీవీ అనకండి, సీఆర్‌టీ అనాలి. రంగులు దాని ముందు ఎల్‌సీడీలు ఎందుకూ పనికిరావు, ఇంట్లో ఇప్పటికీ ఒకటి దాచుకున్నాను.

ముమ్మిడివరం
స్విచ్ ఎక్కడుంటుందండి?