అప్‌డేట్: సింథ్ కీచు శబ్దం పోయింది

సింథ్‌కి (సింథసైజర్, అంటే ఎలక్ట్రానిక్ కీబోర్డు వాయిద్యానికి) కంప్యూటర్ నుంచి యూఎస్‌బీ పెట్టగానే స్పీకర్లలో సన్నగా కీచుమంటోందని, మౌస్ కదిపితే ఆ శబ్దమూ మారుతోందని, ఆడియో ఇంటర్‌ఫేస్ (కంప్యూటర్‌కీ, వాయిద్యానికీ, స్పీకర్లకీ మధ్య శబ్దాన్ని చేరవేసే పెట్టె) మార్చాలా అని అడిగాను కదా. మార్చక్కర్లేదు. అది గ్రౌండ్ లూప్, అంటే రెండు పరికరాల గ్రౌండ్ (ఎర్త్) తీగలు రెండు దారుల్లో కలిసి ఒక చుట్టులా ఏర్పడటం.

మీరు చెప్పినట్టు ముందు యూఎస్‌బీ పీకి చూశాను. శబ్దం టక్కున ఆగిపోయింది! సింథ్, కంప్యూటర్ల గ్రౌండ్‌లు ఒకసారి యూఎస్‌బీ ద్వారా, మరోసారి ఆడియో కేబుల్ ద్వారా కలవడంతో కంప్యూటర్ లోపలి రొద ఆడియోలోకి చేరుతోంది. ఈ చుట్టు తెంచడానికి ప్లగ్‌లో ఎర్త్ పిన్ను తీసేసే పని మాత్రం చేయలేదు, అది ప్రాణాలకే ముప్పు.

ఇప్పుడు నోట్లు (ఏ స్వరం ఎప్పుడు మోగాలో చెప్పే సమాచారం) యూఎస్‌బీకి బదులు 5 పిన్నుల పాత మిడి కేబుల్‌లో వెళ్తున్నాయి. మిడి అంటే వాయిద్యాలూ కంప్యూటర్లూ ఈ సమాచారం ఇచ్చిపుచ్చుకునే పద్ధతి. 1983లో వచ్చిన ఈ పద్ధతిలో అందుకునే వైపు ఆప్టోకప్లర్ ఉంటుంది. లోపల చిన్న ఎల్‌ఈడీ వెలిగి ఆరుతూ సిగ్నల్‌ని వెలుతురుగా దాటిస్తుంది, కాబట్టి గ్రౌండ్‌లు కలవవు. ఎంత చక్కటి ఆలోచనో!

అన్నట్టు, ఒక్కో నోటు రెండుసార్లు మోగే సమస్య సింథ్‌లో లోకల్ కంట్రోల్ (కీ నొక్కగానే సింథ్ తానే నేరుగా మోగే సెట్టింగ్) ఆఫ్ చేస్తే తీరిపోయింది.

రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒక ప్యాడ్ (మెత్తగా, నెమ్మదిగా సాగే సింథ్ శబ్దం) వాయించాను. కీల మీంచి చేతులు తీశాక, దాని చివరి తోక నిశ్శబ్దంలో కలిసేదాకా విన్నాను. అందరికీ చాలా థ్యాంక్స్.