పన్నెండు రోజులు ఊరెళ్తే కొత్త కోరల్స్‌ను మిషన్‌కు అప్పజెప్పాలా, మనిషికా?

కర్నూలు నుంచి:
మాది వంద లీటర్ల ఉప్పునీళ్ల ట్యాంక్. చేపలు ఇంకా వేయలేదు. జోయాంథిడ్స్ అనే కోరల్స్ (పగడపు జాతి జీవులు) రెండు ముక్కలు, మష్రూమ్ కోరల్ ఒకటి తెచ్చి ఎనిమిది రోజులైంది. వచ్చే వారం పెళ్లికి బెంగళూరు వెళ్తున్నాం, పన్నెండు రోజులు ఇంట్లో ఎవరూ ఉండరు. నీళ్లు తగ్గితే తనే పోసే ఏటీఓ కొనమంటాడు తమ్ముడు. పక్కింటి పిన్నికి తాళం ఇద్దామంటుంది మా ఆవిడ. చాలా టెన్షన్‌గా ఉంది.

అనంతపురం నుంచి:
మిషనే మేలన్నా. నేను ఒకసారి పక్కింటి పిల్లాడికి చెప్పి వెళ్లాను. ప్రేమతో గుప్పెడు మేత వేశాడు. వచ్చేసరికి నీళ్లు పాలలా తెల్లబడి, అమ్మోనియా పెరిగి, రెండు చేపలు పోయాయి. మీ కోరల్స్‌కు ఈ పన్నెండు రోజులు మేత అక్కర్లేదు. వాటి ఒంట్లో ఉండే నాచే వెలుతురుతో తిండి తయారు చేసి పెడుతుంది. లైటుకు టైమర్ పెట్టి తాళం వేసుకుని వెళ్లండి.

కడప నుంచి:
మేత సంగతి ఒప్పుకుంటాను. కానీ ఇది మే నెల. నీళ్లు 30 డిగ్రీలు దాటి అలాగే ఉంటే కోరల్ ఆ నాచునే బయటికి నెట్టేసి తెల్లబడిపోతుంది, కాబట్టి ఫ్యాన్ తప్పదు. ఫ్యాన్ తిరిగితే మా ఇంట్లో రోజుకు మూడు లీటర్లు ఆవిరవుతాయి. నీళ్లు పోతాయి, ఉప్పు పోదు. వందలో పది లీటర్లు తగ్గితే, వెయ్యికి 35 పాళ్లుండాల్సిన ఉప్పు 39కి చేరుతుంది.

ఏటీఓ ఉన్నా మాకు అదే జరిగింది. నీటి మట్టాన్ని బట్టి లేచి దిగే ఫ్లోట్ కింద నత్త దూరి అది పైకే నిలిచిపోయింది, ఇక మోటారు ఆన్ కాలేదు. ఐదో రోజు వచ్చి చూస్తే అద్దం అంచంతా తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. జోయాంథిడ్స్ గుప్పిట మూసినట్టు ముడుచుకుపోయాయి. మళ్లీ విచ్చుకోవడానికి రెండు వారాలు పట్టింది. ఇక కరెంటు పోతే ఏటీఓ, ఫ్యాన్, నీళ్లను కదిలించే వేవ్‌మేకర్ అన్నీ ఒకేసారి ఆగుతాయి. ఆ సంగతి ఫోన్ చేసి చెప్పేది పిన్నే కదా!

అద్దం మీద టేప్ అంటించి, ఆ గీత దాకా ఆర్ఓ నీళ్లు పోయమనండి. బోరు నీళ్లు వద్దు, ఉప్పు కలిపినవీ వద్దు. ఇంకొకటి, దయచేసి మర్చిపోవద్దు: ట్యాంక్‌లో చెయ్యి పెట్టొద్దని పిన్నికి గట్టిగా చెప్పండి. కొన్ని జోయాంథిడ్స్‌లో పాలీటాక్సిన్ అనే విషం ఉంటుంది, చేతికి చిన్న గాయమున్నా ప్రమాదమే.

అనంతపురం నుంచి:
పిన్ని ఒకరోజు రాకపోతే? ఏటీఓ కూడా ఉండాల్సిందే. అది నీళ్లు తీసుకునే డబ్బాలో మాత్రం పది లీటర్లకు మించి నింపొద్దు. ఫ్లోట్ ఈసారి కిందే ఇరుక్కుని మొత్తం పోసేసినా ఉప్పు 32 దగ్గర ఆగుతుంది. కొత్తవి కాబట్టి వెళ్లే ముందు లైటు పెంచడం, చోటు మార్చడం లాంటివి చేయకండి.

కర్నూలు నుంచి:
నిన్న కొలిచాను, ఫ్యాన్‌తో రోజుకు రెండున్నర లీటర్లు తగ్గుతున్నాయి. పది లీటర్ల డబ్బాతో ఏటీఓ పెట్టాను. మూడు రోజులకోసారి వచ్చి డబ్బా నింపితే చాలని పిన్నితో అన్నాను. రోజూ పొద్దున పాలు కాచి వస్తానంది పిన్ని. టేప్ అంటించాను.