చాపర్ సైకిల్‌కి హబ్ మోటార్: ముందు చక్రానికా, వెనక చక్రానికా?

పొడుగుఫోర్కు

అందరికీ నమస్కారం. ఇనప ఫ్రేము చాపర్ సైకిల్‌కి (ముందు ఫోర్కు పొడుగ్గా చాచి, సీటు వెనక్కి వాలి ఉండే రకం) మోటార్ పెట్టాలి. మళ్ళీ అడిగే పని లేకుండా కొలతలన్నీ ఇక్కడే ఇచ్చేస్తున్నాను. వెనక టైరు 24×3.0, ముందు 26×2.125. వెనక ఉన్నది సింగిల్ స్పీడ్ కోస్టర్ హబ్బు, అంటే పెడల్ వెనక్కి తొక్కితే పట్టే బ్రేకు. అది తప్ప వేరే బ్రేకు లేదు. వెనక డ్రాపౌట్ల (ఇరుసు కూర్చునే గాడి ఉన్న రేకుల) మధ్య లోపలి దూరం 110 మి.మీ., ముందు 100. క్రాంకు వన్ పీస్, అంటే రెండు పెడల్ చేతులూ మధ్య ఇరుసూ ఒకే ముక్క. ఫోర్కు స్ప్రింగర్ రకం: కింద రాకర్లు (పైకీ కిందకీ ఆడే చిన్న చేతులు) ముందుకి పొడుచుకుని ఉంటాయి, ఇరుసు వాటి కొసన కూర్చుంటుంది. హెడ్ ట్యూబు (ఫోర్కు తిరిగే ముందు గొట్టం) నేలతో చేసే కోణం 50 డిగ్రీలు.

నా ఆలోచన ఏమిటంటే, 48 వోల్టుల 500 వాట్ల గేర్డ్ హబ్ మోటార్ (చక్రం నడుమ హబ్బులోనే ఉండే మోటార్, లోపల పళ్ళచక్రాలుంటాయి) ముందు చక్రంలో పెట్టడం. కోస్టర్ బ్రేకు అలాగే ఉంటుంది, ఫ్రేము ముట్టుకోనక్కర్లేదు, ఒక పూటలో పని అయిపోతుంది. గంటకి 30 కి.మీ. దాటాలని లేదు. ఇందులో తప్పేమైనా ఉంటే చెప్పండి. పెట్రోల్ ఇంజన్ కిట్ గురించి కూడా ఒక మాట.

ఇరుసునట్టు

మామూలు సైకిల్‌కైతే మీ ప్లాను బాగానే ఉంటుంది. చాపర్‌కి నేను వద్దంటాను. కారణం లెక్కలోనే ఉంది.

ముందు ఒక పని చేయండి. ముందు చక్రాన్ని బరువు తూచే మిషను మీద పెట్టి, వెనక చక్రం కింద అదే ఎత్తు చెక్క పెట్టి, సీటు మీద మామూలుగా కూర్చుని, ముందు చక్రం మీద ఎన్ని కిలోలు పడుతున్నాయో వేరొకరిని చూడమనండి. పొడుగు ఫోర్కు, వెనక్కి వాలిన సీటు ఉన్న బండిలో మొత్తం బరువులో పావు వంతో, కాస్త ఎక్కువో మాత్రమే ముందు పడుతుంది. మనిషి, బండి, బ్యాటరీ కలిపి 120 కిలోలు అనుకుని, ముందు 34 కిలోలు పడితే, ఆ టైరు నేలని నొక్కే బలం సుమారు 330 న్యూటన్లు. తడిసి జారే రోడ్డు మీదా, సన్న కంకర మీదా పట్టు అందులో మూడో వంతుకి పడిపోవచ్చు, అంటే 100 న్యూటన్ల దగ్గర ఆగిపోతుంది. మీరనుకునే మోటార్ 45 న్యూటన్ మీటర్ల టార్కుతో (తిప్పే బలంతో) తిప్పితే, 0.33 మీటర్ల వ్యాసార్థం మీద నేలని తోసే బలం 136 న్యూటన్లు. అంటే అలాంటి చోట థ్రాటిల్ (యాక్సిలరేటర్) పూర్తిగా తిప్పితే ముందు చక్రం జారుతుంది. వెనక చక్రం జారితే సర్దుకోవచ్చు, ముందుది జారితే మనిషి కింద ఉంటాడు.

రెండోది హ్యాండిల్. 50 డిగ్రీల కోణం, 50 మి.మీ. ఆఫ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే గీతకి ఇరుసు ఎంత ముందుందో అది) అనుకుంటే మీ ట్రెయిల్ (ఆ గీత నేలని తాకే చోటుకి టైరు తాకే చోటు ఎంత వెనకుందో అది) సుమారు 21 సెం.మీ. వస్తుంది. మామూలు సైకిల్‌కి ఇది 7 దగ్గర. నెమ్మదిగా పోయేటప్పుడు హ్యాండిల్ తనంతట తాను పక్కకి పడిపోయే గుణం దీన్నిబట్టి లెక్కకడితే దాదాపు ఐదు రెట్లు. అలాంటి ఫోర్కు కొసకి మూడు నాలుగు కిలోల మోటార్ తగిలిస్తే, ఎదర మనిషి అడ్డం వచ్చి నెమ్మదించగానే హ్యాండిల్ చేతుల్ని లాగేస్తుంది.

పెట్రోల్ కిట్ మీ బండికి కుదరదు. 80 సి.సి. పేరుతో అమ్మే టూ స్ట్రోక్ కిట్లలో ఎక్కువ శాతం 47 మి.మీ. బోరు, 38 మి.మీ. స్ట్రోకు, అంటే నిజానికి 66 సి.సి. దాని చైను 3 అంగుళాల టైరుని రాసుకుంటుంది. తప్పించాలంటే మధ్యలో ఇంకో షాఫ్టు వేయాలి. పైగా స్పోకులకి రబ్బరు ముక్కలతో బిగించే పళ్ళచక్రం కోస్టర్ బ్రేకు డ్రమ్ముకీ, దాని చేతికీ అడ్డం పడుతుంది.

నిదానం

ఇరుసునట్టు గారితో సగమే ఏకీభవిస్తాను. చదును రోడ్డు, 250 వాట్ల చిన్న మోటార్, 30 న్యూటన్ మీటర్లకి మించని టార్కు, నెమ్మదిగా ఎత్తుకునే కంట్రోలర్ (మోటార్‌కి కరెంటు అందించే పెట్టె) అయితే ముందు చక్రానికీ నడుస్తుంది. నేలని తోసే బలం 90 న్యూటన్ల దగ్గరే ఉంటుంది కదా.

కానీ స్ప్రింగర్ ఫోర్కులో చాలామంది చేసే తప్పు ఒకటుంది. టార్క్ ఆర్మ్ (మోటార్ ఇరుసు తిరిగిపోకుండా పట్టే ఉక్కు రేకు) తెచ్చి ఫోర్కు కాలుకి క్లాంపు వేసి బిగిస్తారు. ఇరుసు ఉన్నది రాకర్ మీద, రాకర్ గుంట పడ్డప్పుడల్లా పైకీ కిందకీ ఆడుతుంది, ఫోర్కు కాలు ఆడదు. ఆ రెంటినీ ఒకే రేకుతో కట్టేస్తే స్ప్రింగు పని చేయడం మానేస్తుంది, లేదా నాలుగు రోజుల్లో క్లాంపు తెగుతుంది. టార్క్ ఆర్మ్ రాకర్‌కే బిగించాలి. 6 మి.మీ. ఉక్కు రేకులో 10 మి.మీ. గాడి కోసి, రెండు వైపుల రాకర్లకీ చెరో రెండు బోల్టులు వేయాలి. అలా చేసినా, మీలా రాకర్ ముందుకి ఉంటే థ్రాటిల్ ఇచ్చినప్పుడల్లా మోటార్ ఎదురు తోపుకి స్ప్రింగు నొక్కుకుని బండి ముందు భాగం కాస్త కుంగుతుంది. అది లోపం కాదు, ఆ ఫోర్కు అమరికే అంత.

500 వాట్లు కావాలంటే మాత్రం వెనక్కే వెళ్ళండి.

పొడుగుఫోర్కు

సరే, వెనకే పెడతాను. అయితే 135 మి.మీ. ఇరుసు మోటార్ 110 మి.మీ. సందులో పట్టదు కదండీ? కోస్టర్ పోతే బ్రేకు సంగతేంటి? మిడ్ డ్రైవ్ (పెడళ్ళ దగ్గర పెట్టి చైనుని తిప్పే మోటార్) ఎవరూ చెప్పలేదేం?

స్పోకులమేస్త్రి

మిడ్ డ్రైవ్ సంగతి ముందు తేల్చేద్దాం. వన్ పీస్ క్రాంకు వెళ్ళే గొట్టం లోపలి కొలత 51 మి.మీ. పైచిలుకు, మిడ్ డ్రైవ్ కిట్లు 68 మి.మీ. వెడల్పు మర ఉన్న సన్న గొట్టానికి చేసినవి. మధ్యలో అడాప్టర్ వేయొచ్చు, అది కదలకుండా బిగించడమే తలనొప్పి. పైగా కోస్టర్ కోసమే ప్రత్యేకంగా చేసినవి తప్ప మిగతా మిడ్ డ్రైవ్‌లలో వెనక్కి తొక్కితే చైను కదలదు, అంటే బ్రేకు ఎలాగూ పోతుంది. ఒక్క గేరే ఉన్న బండిలో మిడ్ డ్రైవ్‌కి ఉన్న అసలు లాభమూ, అంటే మోటార్ బలం గేర్ల ద్వారా పోవడం, ఉండదు.

ఇప్పుడు 110 నుంచి 135. ఫ్రేము ఉక్కు కాబట్టి వంచొచ్చు, అల్యూమినియం అయితే ఆ ఆలోచనే వద్దు, పగులుతుంది. ఒక్కో వైపు 12.5 మి.మీ. జరగాలి. రెండు వైపులా ఒకేసారి జాకీతో తోస్తే మెత్తగా ఉన్న వైపే ఎక్కువ జరుగుతుంది, కాబట్టి ఒక్కో వైపు విడిగా, కొంచెం కొంచెంగా లాగండి. ఉక్కు వెనక్కి వస్తుంది, అందుకని కావలసిన దానికంటే కాస్త ఎక్కువ లాగి వదలాలి. వదిలిన ప్రతిసారీ కొలవండి. కొలవడానికి దారం చాలు: ఒక డ్రాపౌట్ నుంచి మొదలెట్టి హెడ్ ట్యూబు చుట్టూ తిప్పి రెండో డ్రాపౌట్‌కి బిగించి కట్టండి. సీటు గొట్టానికి అటూ ఇటూ దారం ఎంత దూరంలో ఉందో స్కేలుతో చూడండి. రెండూ సమానం కాకపోతే చక్రం ఒక పక్కకి కూర్చుంటుంది.

తర్వాత డ్రాపౌట్లు ఒకదానికొకటి సమాంతరంగా ఉన్నాయా చూడాలి, దీన్నే ఎక్కువమంది వదిలేస్తారు. రెండు గాడుల్లోనూ చెరో పొడుగు బోల్టు లోపలికి చూసేలా బిగించండి. వాటి కొసలు మధ్యలో ఒకదానికొకటి ఎదురుగా రావాలి. ఒకటి పైకీ ఒకటి కిందకీ చూస్తుంటే డ్రాపౌట్‌ని పెద్ద స్పానరుతో పట్టి సరిచేయాలి. ఇది చేయకుండా నట్టు బిగిస్తే ఇరుసే వంగుతుంది.

ఇక గాడి. కోస్టర్ ఇరుసు 9.5 మి.మీ., గాడి దానికి సరిపడా ఉంటుంది. మోటార్ ఇరుసుకి రెండు వైపులా చదును చెక్కి 10 మి.మీ. ఉంచుతారు. ఆ అర మి.మీ. ఆకురాయితో తీయండి, గ్రైండర్ వద్దు. ఇరుసు సుత్తి పిడితో మెల్లగా తడితేనే దిగాలి. వదులుగా దిగిందంటే రోజూ అటూ ఇటూ కొట్టుకుని గాడి అంచులు గుండ్రమవుతాయి, ఒకరోజు ఇరుసు గిర్రున తిరిగి దానిలోంచి వచ్చే వైర్లు తెంపేస్తుంది. 45 న్యూటన్ మీటర్ల టార్కు 10 మి.మీ. చదును మీద పడితే సుమారు 4500 న్యూటన్లు, రెండు డ్రాపౌట్లూ పంచుకున్నా చిన్న బలం కాదు. అందుకే టార్క్ ఆర్మ్ తప్పనిసరి, ఒకటి కాదు, రెండు వైపులా. వెనక అయితే ఫ్రేము గొట్టానికి క్లాంపు వేయొచ్చు, ఏదీ ఆడదు.

చక్రం అల్లడం: మీ పాత రిమ్ముకి 68 లేదా 144 రంధ్రాలుంటే పనికిరాదు. హబ్ మోటార్లు దాదాపు అన్నీ 36 రంధ్రాలే. 36 రంధ్రాల వెడల్పు రిమ్ము తీసుకోండి. మోటార్ ఫ్లాంజి (స్పోకులు తగిలించే అంచు) పెద్దది, రిమ్ము 24 మాత్రమే, కాబట్టి మూడు క్రాసులు వేస్తే, అంటే ఒక్కో స్పోకు మూడింటిని దాటేలా అల్లితే, స్పోకు నిపుల్ (రిమ్ము దగ్గర బిగించే నట్టు) దగ్గర విరిగినట్టు వంగి మర దగ్గరే తెగుతుంది. ఒక్క క్రాసు చాలు. కిట్లతో 12 గేజి, అంటే 2.6 మి.మీ. స్పోకులు ఇస్తారు. లావుగా ఉంటే గట్టి అనుకుంటారు గానీ అవి సాగవు. సాగనివి లోడు పడ్డప్పుడు త్వరగా వదులవుతాయి. 13 గేజి స్పోకులు సరైన టెన్షన్‌తో బిగిస్తే ఎక్కువ కాలం నిలుస్తాయి. ఫ్లాంజి రంధ్రం పెద్దదైతే స్పోకు తల కింద చిన్న ఇత్తడి వాషర్ వేయండి.

చైను వరస కూడా చూసుకోండి. మోటార్ మీద ఉండే ఫ్రీవీల్ (వెనక్కి తొక్కితే ఊరికే తిరిగే పళ్ళచక్రం) కోస్టర్ పళ్ళచక్రం కంటే బయటికి వస్తుంది. ముందు పళ్ళచక్రంతో 3, 4 మి.మీ. కంటే తేడా ఉంటే చైను గరగరమంటుంది. అంత పొడుగు చైను కాబట్టి పడిపోతుంది కూడా.

నిదానం

బ్రేకు గురించి నేను చెప్తాను. ఇది మోటార్ కంటే ముందు తేలాల్సిన పని.

కోస్టర్ ఉన్నా దాని మీద ఆధారపడొద్దనే చెప్పేవాణ్ణి. 110 కిలోల బరువు 25 కి.మీ. వేగంతో పోతుంటే ఆపడానికి సుమారు 2650 జౌళ్ళు, అదే 40కి 6800. చిన్న కోస్టర్ డ్రమ్ములో ఆ వేడికి గ్రీజు కరిగిపోతుంది, బ్రేకు పట్టు మారిపోతుంది.

వెనక హబ్ మోటార్లకి చాలావాటికి 6 బోల్టుల డిస్కు పట్టేందుకు 44 మి.మీ. వృత్తం మీద రంధ్రాలుంటాయి. కాలిపర్‌కి (డిస్కుని నొక్కి పట్టే భాగానికి) ఎడమ డ్రాపౌట్ దగ్గర ఉక్కు చెవులు వెల్డింగ్ చేయించండి, రెండు రంధ్రాల మధ్య దూరం 51 మి.మీ. ఉండాలి. ఫ్రేము గొట్టానికి క్లాంపుతో పట్టే బ్రాకెట్లు గట్టిగా బ్రేకు పట్టగానే తిరిగిపోతాయి. వెల్డింగ్ చేసేముందు వెనక చక్రం, డిస్కు, కాలిపర్ అన్నీ బిగించి చెవుల స్థానం గుర్తు పెట్టుకోవాలి, తర్వాత మోటార్ తీసేసి వెల్డింగ్. మోటార్ ఉండగా వెల్డింగ్ కరెంటు దాని గుండా పారితే బేరింగులూ హాల్ సెన్సర్లూ (మోటార్ ఏ స్థానంలో ఉందో చెప్పేవి) పాడవొచ్చు.

చాపర్‌కి ఒక మంచి గుణం, చక్రాల మధ్య దూరం ఎక్కువ కాబట్టి బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకి తక్కువ జరుగుతుంది, వెనక బ్రేకు మామూలు సైకిల్ కంటే బాగా పట్టుకుంటుంది. అందుకే వెనక 180 మి.మీ. డిస్కు. ముందు డ్రమ్ హబ్బు పెడితే సరిపోతుంది. డ్రమ్ము చేయి రాకర్‌కి బిగిస్తే బ్రేకు వేసినప్పుడు ముందు భాగం లేస్తుంది, అదీ ఆ ఫోర్కు తీరే. రెండు లీవర్లకీ మోటార్ కట్ చేసే స్విచ్చులుండాలి.

వైరింగ్_వాడు

మిగిలింది కరెంటు.

24×3.0 టైరు చుట్టుకొలత దాదాపు 2.06 మీటర్లు. 48 వోల్టుల దగ్గర 260 ఆర్‌పీఎం తిరిగే మోటార్ తీసుకుంటే ఖాళీగా 32 కి.మీ., మనిషి కూర్చుంటే 26, 27. మీరడిగిన దానికి అది సరిగ్గా సరిపోతుంది. ఎక్కువ ఆర్‌పీఎం మోటార్ కొని థ్రాటిల్ తగ్గించి నడిపితే ఎత్తుల్లో వేడెక్కుతుంది.

బ్యాటరీ 13 సెల్లుల వరస, ఛార్జి నిండితే 54.6 వోల్టులు. 14 ఆంపియర్ అవర్లంటే 670 వాట్ అవర్ల పైన. ఎత్తు హ్యాండిల్ వల్ల ఛాతీ అంతా గాలికి ఎదురు, కి.మీ.కి 15 వాట్ అవర్లు వేసుకోండి, బ్యాటరీ పూర్తిగా ఖాళీ చేయకుండా 35 నుంచి 40 కి.మీ. వస్తుంది. కంట్రోలర్ 20 ఆంపియర్లైతే బీఎంఎస్ (బ్యాటరీ సెల్లుల్ని కాపాడే సర్క్యూట్) 30కి తగ్గకూడదు, ఫ్యూజు 30, బ్యాటరీకి వీలైనంత దగ్గర. బ్యాటరీని సిస్సీ బార్‌కి (సీటు వెనక ఎత్తుగా ఉండే కమ్మీకి) వేలాడదీయొద్దు. రెండు పై గొట్టాల మధ్య ట్యాంకు ఆకారంలో రేకు పెట్టె చేయించండి, చూడ్డానికీ అందం. లోపల గట్టి ఫోమ్ అన్ని వైపులా: వెనక సస్పెన్షన్ లేని బండిలో అదురుకి సెల్లుల మధ్య నికెల్ పట్టీల వెల్డింగ్ ఊడుతుంది. కంట్రోలర్‌ని ఆ పెట్టెలో పెట్టకండి, గాలి తగిలే చోట బిగించండి.

కిట్‌లో వైర్లు మామూలు హ్యాండిల్‌కి కోసినవి, మీకు అర మీటరైనా తక్కువ పడతాయి. అతుకు వేసే ముందు హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి కొలవండి. బ్యాటరీ వైర్లకీ, ఫేజ్ వైర్లకీ (కంట్రోలర్ నుంచి మోటార్‌కి పోయే మూడు లావు వైర్లు) 12 గేజి. మోటార్ వైరు ఇరుసులోకి పోయే చోట కిందకి ఒక వంపు ఇవ్వండి, లేకపోతే వాన నీరు వైరు వెంట జారి నేరుగా హబ్బులోకి పోతుంది.

వన్ పీస్ క్రాంకుకి మామూలు పెడల్ సెన్సర్ (పెడల్ తొక్కుతున్నారో లేదో పసిగట్టేది) పళ్ళెం ఎక్కదు. రెండు ముక్కలుగా విడిపోయే రకం అడగండి.

పొడుగుఫోర్కు

చాలా థాంక్సండీ. ఇరుసు నట్లు ఎంత బిగించాలి? మళ్ళీ ఎప్పుడు చూసుకోవాలి?

స్పోకులమేస్త్రి

M12 ఇరుసుకి 40 న్యూటన్ మీటర్ల దగ్గర. వరస ఇదీ: డ్రాపౌట్, టార్క్ ఆర్మ్, వాషర్, నట్టు. డ్రాపౌట్ బయటి వైపు పళ్ళెంలా గుంట ఉంటే అందులో కూర్చునే C వాషర్ ముందు వేయాలి, లేదంటే నట్టు అంచు మీదే ఆనుతుంది. మొదటి 20 కి.మీ. తర్వాత ఒకసారి, 100 తర్వాత ఒకసారి నట్లూ స్పోకులూ రెండూ చూడండి. నట్టు మీదా ఇరుసు మీదా కలిసేలా పెయింటుతో ఒక గీత గీసి పెట్టుకుంటే, అది తప్పిందో లేదో బండి ఎక్కే ముందే కనపడుతుంది.