హావ్‌లాక్ వంతెన ఒక్క స్పాన్ చేద్దామనుకుంటే అరటికాయలా వంగింది, ఏం చెయ్యాలి?

గోదారి_గట్టు:

అందరికీ నమస్కారమండి. మాది రాజమండ్రి, ఉద్యోగం హైదరాబాదులో. మా నాన్నగారు రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేరి అక్కడే రిటైరయ్యారు. పాత బ్రిడ్జి మీద ఆయన నడిచినంత నేను మా వీధిలో కూడా నడిచి ఉండను. నవంబరులో ఆయనకి 70 నిండుతాయి. అప్పటికి ఆ పాత గోదారి రైలు బ్రిడ్జి, అదే హావ్‌లాక్ వంతెన, నమూనా ఒకటి చేసి ఇద్దామని నా ఆశ. మొత్తం 56 స్పాన్లూ (స్తంభానికీ స్తంభానికీ మధ్య ఉండే ముక్కలు) చేసే పిచ్చి నాకు లేదు లెండి. ఒక్క స్పాను, అటొక స్తంభం, ఇటొక స్తంభం, కింద కాసిని గోదారి నీళ్ళు. అంతే.

ఇప్పటిదాకా చేసింది చెప్తాను, తిట్టకండి. స్టేషనరీ షాపులో 3 మి.మీ. సన్‌బోర్డ్ కొన్నాను. బొమ్మ రైళ్ళకి వాడే హెచ్‌ఓ స్కేలు అంటే 1:87 అని చదివి, 150 అడుగుల స్పాన్‌కి 52 సెంటీమీటర్ల చిల్లర లెక్కేసి, పుల్లలుగా కోసి ఫెవిక్విక్‌తో అంటించాను. మొదటి గర్డర్ (వంతెన పక్కనుండే చట్రం) పర్లేదు. రెండోది పొద్దున లేచి చూస్తే అరటికాయలా వంగి ఉంది. కోసిన అంచులన్నీ స్పాంజిలా కనిపిస్తున్నాయి. ఇంకో తలనొప్పి ఏంటంటే, ఆన్‌లైన్‌లో తెప్పించిన హెచ్‌ఓ పట్టా ముక్క మధ్యలో పెడితే మీటర్ గేజిలా ఇరుకుగా కనిపిస్తోంది. నా కళ్ళే తప్పా?

నా దగ్గరున్నవి కట్టర్, స్టీలు స్కేలు, కత్తెర, ఓపిక. ఏ మెటీరియల్ వాడాలి? రివెట్లు వేలల్లో ఉంటాయి కదా, అవన్నీ పెట్టాలా? అది తల్చుకుంటేనే టెన్షన్.

అట్టముక్క:

తమ్ముడూ, సన్‌బోర్డ్ వదిలెయ్. ఇంట్లో పాత శుభలేఖలు ఉంటాయిగా, అవి బయటికి తియ్. గట్టివి, నున్నగా ఉండేవి. బంగారు రంగు అచ్చు ఉన్న వైపు లోపలికి పోయేలా రెండేసి కలిపి అంటించి, పుల్లలు కోసి, అంచులకి పల్చటి సూపర్ గ్లూ పీల్పించు. ఆరాక రేకులా గట్టిపడుతుంది, ఉప్పు కాగితంతో రుద్దినా నూగు లేవదు. మా అమ్మమ్మగారి పెంకుటింటి నమూనా మొత్తం ఇలాగే చేశాను. దూలాలు, వాసాలు అన్నీ మా బాబాయి కూతురి పెళ్ళి కార్డులే. ఆ అమ్మాయికి ఇంకా చెప్పలేదు.

సూపర్ గ్లూ ఎక్కువ పోసేటప్పుడు కిటికీ తెరిచి పెట్టుకో, కళ్ళు మండుతాయి.

పాత_ప్యాటర్న్:

బాబూ, నేను రైల్వే వర్క్‌షాపులో ప్యాటర్న్ షాపులో పనిచేశాను. పోత పోసే ముందు ఆ వస్తువుని చెక్కలో చేసి ఇచ్చే పని మాది. ఇనుము చల్లారితే కుంచించుకుపోతుంది కాబట్టి మా కొలబద్దలే కాస్త పెద్దగా ఉండేవి. ఇదెందుకు చెప్తున్నానంటే, కొలత తప్పితే తర్వాత ఎంత ముద్దుగా చెక్కినా దండగ. నీ పనిలో కూడా ముందు స్కేలు సంగతి తేల్చుకో.

పట్టా ఇరుకుగా కనిపించడం నీ కళ్ళ తప్పు కాదు. హెచ్‌ఓ పట్టా 16.5 మి.మీ. అది 1435 మి.మీ. గేజికి, అంటే రెండు పట్టాల మధ్య ఎడానికి, కట్టిన లెక్క. మన బ్రాడ్ గేజి 1676. దాన్ని 87తో భాగిస్తే 19.3 వస్తుంది. అంటే నీ వంతెనలో పట్టా దాదాపు 3 మి.మీ. తక్కువ పడింది. ఇప్పుడు లెక్క తిరగేసి చూడు. 1676ని 16.5తో భాగిస్తే 101.6. అదే పట్టా 1:100 స్కేలు వంతెన మీద పెడితే మన బ్రాడ్ గేజి అయి కూర్చుంటుంది, తేడా పావు మిల్లీమీటరే. దాని మీద హెచ్‌ఓ ఇంజను పెడితే కాస్త లావుగా కనిపిస్తుంది నిజమే. కానీ 1997 తర్వాత ఆ వంతెన మీద రైలే లేదు, నీకెందుకు ఇంజను?

పైగా 1:100లో మీటరు అంటే సెంటీమీటరు. క్యాలిక్యులేటరు అక్కర్లేదు. నీ స్పాన్ 45.7 సెంటీమీటర్లు.

ఇక వంకర. వంతెన నమూనాలో కన్ను మొట్టమొదట పట్టుకునేది వంకరనే. రివెట్టు లేకపోతే ఎవరూ అడగరు, పై కమ్మీ ఒక మిల్లీమీటరు ఒరిగితే చిన్న పిల్లాడు కూడా "వంగింది" అంటాడు. సన్‌బోర్డ్ అంటే నురగలా పొంగించిన పీవీసీ, లోపలంతా గాలి బుడగలు. పలకగా ఉన్నంతసేపు బాగానే ఉంటుంది, 4 మి.మీ. పుల్ల కోస్తే దానికి వెన్నెముక ఉండదు. పారెయ్యకు, స్తంభాల లోపలి దిమ్మలకి పనికొస్తుంది.

గర్డర్లకి పాలీస్టైరిన్ షీటు తెచ్చుకో, స్టైరిన్ అనే గట్టి ప్లాస్టిక్ పలక. అర మిల్లీమీటరు, ఒక మిల్లీమీటరు, పుల్లలకి ఈ రెండు మందాలు చాలు. దాన్ని కొయ్యకూడదు, గీరాలి. స్టీలు స్కేలు ఆనించి కట్టర్‌తో తేలిగ్గా మూడుసార్లు గీరి, గీత బయటి వైపుకి వచ్చేలా వంచితే టక్కున విరుగుతుంది. అంచు గాజులా ఉంటుంది. ఒకే వెడల్పు పుల్లలు ముప్పై నలభై కావాలి కాబట్టి ప్రతిసారీ కొలవకు. చెక్క పలక మీద ఒక బద్ద అడ్డంగా అంటించి, షీటుని దానికి తోసి, స్కేలుకీ బద్దకీ మధ్య ఎడం మారకుండా చూసుకో. కొలత ఒక్కసారే, కోత నలభైసార్లు.

ఎవర్‌గ్రీన్ కంపెనీ వాళ్ళ రెడీమేడ్ స్టైరిన్ పుల్లలు దొరికితే ఇంకా మంచిది. కానీ అవి 14 అంగుళాలు, అంటే 35 సెంటీమీటర్ల చిల్లరే ఉంటాయి. నీ కమ్మీ 45.7. అతుకు తప్పదు. కమ్మీని రెండు పొరలుగా చెయ్యి. ఒక పొర అతుకు ఎడమ వైపు, రెండో పొర అతుకు కుడి వైపు వచ్చేలా చూసుకో. రెండూ గస్సెట్ ప్లేటు కిందే పడాలి. నిజం వంతెనలో కమ్మీలు కలిసే చోట అతికే ఆ ప్లేట్లు నీ పాపాలన్నీ దాచిపెడతాయి.

ఇప్పుడు అచ్చు. ఫోటోలో ప్యానెళ్ళు, అంటే గర్డర్‌లో నిలువు కమ్మీల మధ్య గళ్ళు, లెక్కపెట్టి, గర్డర్ బొమ్మని అసలు సైజులో కాగితం మీద గీసుకో. పాత ఫోటో ఫ్రేము గాజు మీద ఆ కాగితం అంటించి, పైన పారదర్శకమైన టేపు వేస్తే జిగురు పట్టదు. గీతల బయటి వైపు అంగుళానికొక చిన్న ముక్క ఆపుగా అంటించు. పుల్లలు అందులో పడేసి, టామియా లాంటి పల్చటి జిగురు సన్న కుంచెతో కీలు దగ్గర తాకిస్తే చాలు, అదే పాకుతుంది. రెండో గర్డరూ అదే అచ్చులో. కాకపోతే గస్సెట్లు రెండో మొహం మీద అంటించు, బయటికి కనిపించేది ఆ వైపు కదా. నేను ఒకసారి రెండింటికీ ఒకే వైపు అంటించి, రెండు ఎడమకాలి చెప్పులు చేసుకున్నాను.

నా బుద్ధి గడ్డితిన్న కథ ఇంకోటి. కమ్మీని డబ్బాలా నాలుగు వైపులా మూసి, జిగురు ధారాళంగా పోసి, చివర్లు కూడా మూసేశాను. మూడో రోజుకి విల్లయింది. జిగురు ఆవిరి లోపల చిక్కుకుని ప్లాస్టిక్‌ని మెత్తబరిచింది. అప్పటినుంచి మూసిన డబ్బా ఏది చేసినా, కనిపించని వైపు జానెడుకొక సన్న చిల్లు వేస్తాను, జిగురు కుంచె ఒక్కసారే ముంచుతాను.

రివెట్లు గస్సెట్ల మీద మాత్రం పెట్టు. నిజం రివెట్టు తల 35 మి.మీ. అనుకున్నా 1:100లో 0.35 వస్తుంది. నాలుగడుగుల దూరం నుంచి చూస్తే ఒక గరుకులా అనిపిస్తుందంతే. గడియారాలు బాగుచేసే అతని దగ్గర పాత చేతి గడియారం పళ్ళ చక్రం ఒకటి అడుగు. పన్నుకీ పన్నుకీ మధ్య మిల్లీమీటరు లోపుండాలి. పెన్ను రీఫిల్ చివర సూది గుచ్చి, దానికి చక్రం తగిలించి, పావు మిల్లీమీటరు షీటు వెనక నుంచి స్కేలు వారగా దొర్లించు. కింద నాలుగు మడతల వార్తాపత్రిక ఉండాలి. ముందువైపు వరసగా పొక్కులు లేస్తాయి. తర్వాత గస్సెట్లుగా కోసుకో. కోసి దొర్లించావో, ముక్క ముడుచుకుపోతుంది.

రంగు సంగతి చాలామంది తప్పు చేస్తారు. మన రైలు వంతెనలకి రెడ్ ఆక్సైడ్ మీద అల్యూమినియం పెయింట్ వేస్తారని, హార్డ్‌వేర్ షాపు వెండి స్ప్రే కొట్టేస్తారు. అప్పుడది వంతెనలా ఉండదు, పెళ్ళివారి స్టీలు బిందెలా ఉంటుంది. లేత బూడిద రంగు వెయ్యి. ఆరాక, దాదాపు పొడిగా తుడిచిన కుంచెతో వెండి రంగు అంచుల మీద మాత్రం రాయి. తుప్పుకి గోధుమరంగు చాక్‌పీసు పొడి. ఏ స్ప్రే అయినా ముందు ముక్క మీద పరీక్షించు, కొన్ని స్టైరిన్‌ని తినేస్తాయి.

నీళ్ళు మాత్రం నీలం వెయ్యకు బాబూ. నీది రాజమండ్రి అన్నావు.

అట్టముక్క:

గురువుగారూ, అన్నీ ఒప్పుకుంటాను గానీ స్టైరిన్ అన్ని ఊళ్ళలో దొరకదు. అట్టతో వంతెన నిలబడదంటారా?

పాత_ప్యాటర్న్:

నిలబడుతుంది. నా మొదటి వంతెన అట్టదే. వానాకాలం వచ్చేసరికి వంగింది, తప్పు అట్టది కాదు. పైవైపు రంగు వేసి అడుగు వదిలేశాను. తేమ ఒకవైపు నుంచే తాగింది. ఉప్పు కాగితం పెట్టాక రెండు వైపులా, అంచులకి కూడా సాండింగ్ సీలర్ పట్టించాలి, వడ్రంగులు తలుపులకి పాలిష్ ముందు కొట్టేదే. అట్టకి పొర దిశ కూడా ఉంటుంది. చేత్తో వంచి చూడు, ఒక దిశలో తేలిగ్గా వంగుతుంది, ఇంకో దిశలో మొండికేస్తుంది. పుల్ల పొడవు మొండికేసే వైపు ఉండాలి.

డల్లాస్_డబ్బా:

ఇంత కష్టం ఎందుకండీ, లేజర్ కటింగ్ చేయించేస్తే అయిపోద్దిగా? పేరు బోర్డులు చేసే షాపులు ప్రతి టౌన్లో ఉన్నాయి. డ్రాయింగ్ ఇస్తే అరగంటలో రెండు గర్డర్లు. నేనిక్కడ త్రీడీ ప్రింటర్ వాడతాను, గస్సెట్లూ రివెట్లూ కలిపే వచ్చేస్తాయి.

పాత_ప్యాటర్న్:

చేయించొచ్చు. అయితే ఆ షాపుల్లో సాధారణంగా ఉండేది 2, 3 మి.మీ. ఎండీఎఫ్ చెక్క, అక్రిలిక్. 1:100లో 2 మి.మీ. అంటే 20 సెంటీమీటర్ల మందం ఇనుప పలక. అంత మందం పలకలో జల్లెడ కోసినట్టు ఉంటుంది. ఐవరీ కార్డు (నున్నటి గట్టి అట్ట) ఇచ్చి కోయించుకుంటే బాగుంటుంది. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తున్నా. సన్‌బోర్డ్ లేజర్‌కి ఇవ్వకండి. పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది, మనిషి ఊపిరికీ ఆ మిషనుకీ రెండింటికీ చేటు.

ప్రింటరు గురించి నాకు గొడవ లేదు. ప్రింటు మీద పడే పొరల గీతలు ఉప్పు కాగితంతో పోగొట్టే టైములో నేను గర్డర్ కట్టేస్తానంతే.

గోదారి_గట్టు:

అప్‌డేట్ అండి. ఏడు వారాలు పట్టింది. 1:100లో మొదలెట్టాను, స్టైరిన్ షీటు ఆన్‌లైన్‌లో దొరికింది. మొదటి గర్డర్ అచ్చులోంచి తీస్తుంటే టేపు వెయ్యని చోట కాగితంతో సహా ఊడొచ్చింది. రెండోది, మూడోది నిటారుగా వచ్చాయి. గాజు మీద నిలబెట్టి కింద లైటు పెట్టి చూశాను, వెంట్రుకంత సందు కూడా లేదు. స్తంభాలకి సన్‌బోర్డ్ దిమ్మ మీద గోడలకి పూసే వాల్ పుట్టీ రాసి, సగం ఆరాక సూదితో రాళ్ళ గీతలు గీశాను. బాగా ఆరనిచ్చి గీస్తే పెచ్చులూడుతోంది, తొందరపడితే పేస్టులా లాగుతోంది. వేలు ఆనిస్తే ముద్ర పడి, పుట్టీ మాత్రం వేలికి అంటకూడదు, అప్పుడు గీయాలి. గడియారం చక్రం ఐడియాకి మీ కాళ్ళకి దణ్ణం. నీళ్ళకి ఆగస్టు గోదారి రంగు, పాలెక్కువైన టీలాగా.

దాచలేకపోయాను, పండక్కి వెళ్ళినప్పుడు నాన్నగారికి సగంలోనే చూపించేశాను. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. రివెట్లు చూశారనుకున్నా. "ట్రాలీ దింపే గూళ్ళు ఏవిరా?" అన్నారు. రైలొస్తుంటే ట్రాలీని (పట్టాల మీద తోసుకుపోయే బండి) పట్టా మీంచి ఎత్తి పక్కకి పెట్టుకుని, మనుషులు నిలబడే చోటంట. స్తంభం ఉన్న చోట పక్కకి పొడుచుకొచ్చిన చిన్న అరుగు, చుట్టూ ఇనప కమ్మీ. రైలు పోతుంటే ఆ కమ్మీ పట్టుకుని కళ్ళు మూసుకునేవారంట. ఈ ముక్క ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు. ఆ గూడు చెయ్యకుండా ఇవ్వలేనండి ఇంక. అంత సన్న కమ్మీ దేంతో చెయ్యాలి? స్టైరిన్ పుల్ల మందంగా కనిపిస్తోంది.

పాత_ప్యాటర్న్:

రాగి తీగతో చెయ్యి. మామూలు కరెంటు వైరు తొక్క ఒలిస్తే లోపల సన్న పోగులుంటాయి. వంకర పోగు వాడకు. ఒక చివర కిటికీ ఊచకి చుట్టి, రెండో చివర పటకారుతో పట్టుకుని, కొద్దిగా సాగినట్టు అనిపించేదాకా లాగు. గీత గీసినట్టు నిటారవుతుంది, మళ్ళీ తేలిగ్గా వంగదు. నిలువు ఊచలకి అరుగులో ముందే చిల్లులు వేసుకుని, తీగ గుచ్చి, కింద నుంచి సూపర్ గ్లూ ఒక్క చుక్క. పై కమ్మీ చివర్న పెట్టు. టంకం అక్కర్లేదు.

ఆ కమ్మీ ఎత్తు ఎంతో మీ నాన్నగారినే అడుగు. నడుము దాకానా, గుండెల దాకానా, చెయ్యి పెట్టి చూపిస్తారు. ఆ చేతి దగ్గర్నుంచి నేలకి టేపు పెట్టి కొలిచి, 100తో భాగించు.