పెరట్లో లేచిన పుట్ట: తవ్వించాలా, ఉంచాలా?

పెరటివాకిలి (తిరుపతి):
మాది పాత ఇల్లు, వెనక కాస్త పెరడుంది. సీతాఫలం చెట్టు పక్కన పోయిన కార్తీకంలో బెత్తెడు ఎత్తు మట్టి లేచింది. ఇప్పుడది నా మోకాలు దాటింది. అమ్మ ప్రతి శుక్రవారం దానికి పసుపు, కుంకుమ పెడుతోంది. మా ఆవిడేమో తవ్వించేయమంటోంది. మూడేళ్ల పాప రోజంతా పెరట్లోనే ఆడుతుంది, పాము చేరుతుందేమోనని ఆమె టెన్షన్. కూలికి పిలిచిన మనిషి చూసి "దీని మీద గునపం వెయ్యను సార్" అని వెళ్లిపోయాడు. నాకైతే తవ్వించాలనే ఉంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

మామిడితోపు (పుత్తూరు):
తవ్వించు అన్నా, ఆలోచించకు. మేమూ ఇట్లాగే పోనీలే అని వదిలేశాం. మూడో ఏడు వంటింటి ద్వారబంధాన్ని వేలితో నొక్కితే వేలు లోపలికి దిగింది. పైన రంగు మిగిలింది, లోపలంతా గుల్ల. బీరువా వెనక పెట్టిన అమ్మ పెళ్లి ఫోటోలు కూడా పోయాయి. చేలో అయినా అంతే, వాన వెనకబడితే వేరుశనగ వేరు కొరికేస్తాయి, కాయ తొక్క గీరేస్తాయి. అందరూ పుట్టను పాముల ఇల్లనుకుంటారు. అది చెదల ఊరు.

కౌండిన్య (పలమనేరు):
చెదల ఊరన్నది నిజం. "చీమలు పెట్టిన పుట్టలో పాములు చేరినట్టు" అంటాం గానీ, కట్టేది చీమలు కాదు. చెదలకు చుట్టరికం కూడా బొద్దింకలతోనే.

నేను బడిలో జీవశాస్త్రం చెబుతాను. ఒకసారి రోడ్డు వెడల్పు చేస్తూ పుట్టను అడ్డంగా కోశారు, పిల్లల్ని తీసుకెళ్లి చూపించాను. లోపల అరలు, అరల్లో స్పాంజిలా మడతలు పడ్డ గడ్డలు. అవి చెదలు పెంచుకునే బూజు తోటలు. ఎండుటాకు, పుచ్చుకట్టె నమిలి తెచ్చి ఆ బూజుకు వేస్తాయి, అది మెత్తబరిచాక తాము తింటాయి. వానలకు పుట్ట మీద లేచే పుట్టగొడుగులు ఆ తోటలోవే. ఆ రోజు పిల్లలు ఇంటికి పోదామన్నా కదల్లేదు.

పై మట్టి తవ్వితే ఒరిగేదేమీ లేదు. రాణి అడుగున ఉంటుంది, అది బతికుంటే మళ్లీ లేపుతాయి. మందు పోద్దామంటే, పెరట్లో బావో బోరో ఉంటే ఆ మందు ఎక్కడికి దిగుతుంది? పుట్ట లేని ఇళ్లలోనూ ద్వారబంధాలు పోతున్నాయి. గోడకు ఆనించిన కట్టెలు, పునాది దగ్గర తేమ, అవీ వాటికి దారి. ఇక పాము తనంతట తాను పుట్ట కట్టదు. చెదలు వదిలేసిన పుట్టలోనో, ఎలుకలు తోడిన కన్నంలోనో దూరుతుంది. పెద్ద కన్నం కనిపిస్తే మాత్రం పాపను అటు పోనివ్వకండి, పాములు పట్టేవాళ్లకు చూపించండి.

అవ్వమాట (చంద్రగిరి):
నాయనా, మన కొండ మీద స్వామి కథే పుట్టతో మొదలు. చింతచెట్టు కింద పుట్టలో ఉంటే ఆవు వచ్చి పాలధార పోసిందని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. పుట్టమన్ను తెచ్చి నవధాన్యాలు చల్లకుండా మా ఇళ్లలో పెళ్లి జరగదు. అలాంటిదానికి మందు మాట ఎత్తడానికే నోరు రాకూడదు. మీ అమ్మ కోసమైనా ఉంచు. చుట్టూ ప్లాట్లు పడి పుట్టలన్నీ చదునైపోయాయి, నాగులచవితికి మేము ఎంత దూరమో నడిచి పోతున్నాం.

కౌండిన్య:
అమ్మా, ఈ కాసిని పుట్టలు మిగిలాయంటే మీలాంటి వాళ్ల వల్లే. ఒక్క మాట చెప్పనివ్వండి. పాలు పాముకు ఆహారం కాదు. చెంబుల కొద్దీ కన్నంలో పోస్తే లోపల తోట కుళ్లిపోతుంది.

అవ్వమాట:
పోయకుండా ఉండలేను నాయనా. కన్నంలో వద్దంటే పక్కన పళ్లెంలో పోస్తాలే.

మామిడితోపు:
సార్, మా తోట గట్టు మీదా మూడు పుట్టలున్నాయి, వాటి జోలికి మేమూ పోం. చెట్ల మొదళ్లకు పట్టిన చెదల మట్టి గీకి బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూస్తాం, అంతే. ఇంటి పుట్ట సంగతి వేరు. ఇంటి అప్పు పదేళ్లు కట్టినవాడికి తెలుస్తుంది ఆ నొప్పి. అసలు గోడకు ఎంత దూరంలో ఉంది అన్నా? అది తెలియకుండా ఎవరం ఏం చెప్పినా తప్పే.

పెరటివాకిలి:
టేపు పెట్టి కొలిచాను, 22 అడుగులు. గోడ మీద ఎక్కడా చెదల మట్టి గీత లేదు. కానీ స్నానాల గది వెనక పేర్చిన పాత తలుపు చెక్కల్లో అడుగుదాన్ని తిప్పితే నిండా చెదలు! పుట్టకంటే అవే ఇంటికి దగ్గర. ఆ రోజే అన్నీ తీయించాను.

నిన్న మృగశిర వాన ఆగాక పుట్టలోంచి ఉసుళ్లు, అదే రెక్కల చెదలు, లేచాయి, పొగ లేచినట్టు. కాకులు, పసులపోలిగాళ్లు గాలిలోనే పట్టుకుంటున్నాయి, కింద కప్పలు. చిన్నప్పుడు దీపం కింద నీళ్ల గిన్నె పెట్టి వీటిని పట్టి, వేయించి బొరుగుల్లో కలుపుకుని తినేవాళ్లమని అమ్మ చెప్పింది. పాప రాలిన రెక్కలు ఏరి అగ్గిపెట్టెలో దాచుకుంది. మా ఆవిడ మెట్ల మీద కూర్చుని చీకటి పడేదాకా చూసింది. పాము భయం మాత్రం పోలేదు. కార్తీకం దాకా ఉంచి, చుట్టూ నడుమెత్తు కంచె వేద్దామని ఒప్పుకుంది. వెదురు సరిపోతుందా?

మామిడితోపు:
వెదురు వద్దన్నా, వాటికి మేత వేసినట్టే. రాతికూసాలు పాతి ఇనుప వల కట్టు. చెక్కలు తీసిన చోట గోడను మాత్రం నెలకోసారి చూసుకో.