చెట్టు కల్లయితే లివర్‌కు పరవాలేదా?

దేవరకొండ రైతు: మా బావకు 46 ఏళ్లు. లివర్ సిర్రోసిస్, అంటే లివర్ గట్టిపడే జబ్బు అని మార్చిలో తేలింది. పొట్టలో చేరిన నీరు ఇప్పటికి రెండుసార్లు తీశారు. బ్రాందీ మానేశాడు కానీ రోజూ ఒక సీసా కల్లు తాగుతున్నాడు. చెట్టు నుంచి దించిందే, మందు కలిపింది కాదు అంటాడు. పరవాలేదా?

తాటివనం: చెట్టు కల్లు ఏమీ చేయదు. మా తాత ఎనభై దాటేదాకా తాగాడు, ఒక్కరోజు మంచం పట్టలేదు. ప్రాణం తీసేది కల్తీ. క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రాజోలం లాంటి నిద్రమందులు కలిపిన నీళ్లను కల్లని అమ్ముతున్నారు. పాలమూరులో ఎవరినైనా అడగండి.

పాలమూరు కోడలు: కల్తీ మాట నిజమే. అది దొరకని రోజు ఫిట్స్ వచ్చినవాళ్లను చూశాను. కానీ ఆ రోగం వేరు. లివర్‌ను గట్టిపరిచేది ఆల్కహాల్. పులిసిన కల్లులో అది సుమారు 5 శాతం. 650 మిల్లీలీటర్ల సీసాలో 32 మిల్లీలీటర్లు. 60 మిల్లీలీటర్ల బ్రాందీలో ఉండేది 26. మీ బావ మానేసింది సీసా మీది చీటీని మాత్రమే.

తాటివనం: ఐదు శాతం ఏ కల్లుకు? పొద్దున దించినదానికా, సాయంత్రానికి పులిసినదానికా? తాటిదా, ఈతదా? లెక్కలు చెప్పేవాళ్లు ముందు అది చెప్పాలి.

నకిరేకల్ వాసి: నల్గొండ నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి ఎవరూ ఎత్తరెందుకు?

మిర్యాలగూడ మాస్టారు: ఫ్లోరైడ్ పట్టేది పళ్లను, ఎముకలను. ఇక్కడికి లాగకండి. మా అమ్మ జీవితంలో చుక్క ముట్టలేదు. షుగరు, బరువు, లివర్‌లో కొవ్వు, చివరికి సిర్రోసిస్. హెపటైటిస్ బి, సి వైరస్‌లతోనూ వస్తుంది. చావుకు వచ్చినవాళ్లు మాత్రం “ఈమె కూడా తాగేదా?” అని చెవులు కొరుక్కున్నారు.

తాటివనం: చూశారా! తాగకపోయినా వస్తుందట. మరి కల్లు మీదే ఎందుకు పడతారు?

పాలమూరు కోడలు: ఎలా వచ్చినా, వచ్చాక చుక్క కూడా విషమే. అన్నవాహికలో ఉబ్బిన రక్తనాళాలు పగిలితే రక్తం కక్కుకుంటారు. లివర్ వడగట్టలేని అమ్మోనియా మెదడుకు చేరితే మనుషులను పోల్చుకోలేరు. చివరి నెలలో మా ఆయన నన్ను వాళ్ల అక్క అనుకున్నారు. అప్పుడు కూడా మా అత్తగారు “ఒంట్లో వేడి, కల్లు చలవ” అంటూ కొంగుచాటున తెచ్చి పోశారు. అందులో నిద్రమందు ఉంటే ఉన్న కాస్త తెలివీ పోతుంది.

తాటివనం: మీ అత్తగారి మీది కోపం మా చెట్ల మీద చూపకండి. ఊరూరా ఉన్న వైన్ షాపులు ఎవరికీ కనిపించవు, మోకు కట్టుకుని చెట్టెక్కేవాడే దొరుకుతాడు. మా నాన్న చెట్టు మీది నుంచి పడి నడుము విరగ్గొట్టుకున్నారు. దాని మీద ఎవరైనా చర్చ పెట్టారా?

మిర్యాలగూడ మాస్టారు: ఆమె మీ వృత్తిని ఏమన్నారు?

దేవరకొండ రైతు: నేనే మొత్తం చెప్పలేదు. ఆ సీసా కొనేది మా అక్క. ఆసుపత్రి ఖర్చుకు అర ఎకరం అమ్మింది నేను. మాన్పించమంటే “ఉన్నన్నాళ్లు తృప్తిగా ఉండనీ, నీ డబ్బు నీకు తీరుస్తాను” అంటుంది. పరవాలేదని ఒక్కరైనా అంటే ఆ గొడవ వదిలేద్దామని అడిగాను.

పాలమూరు కోడలు: నేను అనను. అన్నవాహికలో ఆ రక్తనాళాలను గొట్టం వేసి చూసే ఎండోస్కోపీ చేయించారా? విరేచనం రోజూ అవుతోందో లేదో అక్కను అడగండి. మలబద్ధకంతో కూడా మతి తప్పడం మొదలవ్వొచ్చు.

తాటివనం: ఐదు శాతం లెక్క నేను ఇప్పటికీ ఒప్పుకోను. మీ బావ మా చెట్టు కిందికి వస్తే మాత్రం పోయను.